యూరప్‌లో అయితే బస్సు ఉండేది

ఈ సాయంత్రం కెనడాలోని మా వాటర్లూలో మన తెలుగువాళ్ళ సమావేశంలో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు తన యూరప్ టూరు గురించి ప్రసంగించారు. అక్కడి నగరాల్లోకి పొగ వదిలే కార్లను రానివ్వరట, పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా సైకిలు తొక్కుతారట. "మనకే సిగ్గు లేదు!" అంటూనే జేబులోని రిమోట్ నొక్కారు. బయట మంచులో ఆయన ఏడు సీట్ల కారు స్టార్టయి, అయ్యగారి కోసం వేడెక్కసాగింది.

అందరూ లేచాక, మాకు భోజనాలు వడ్డించిన వరంగల్ స్టూడెంటమ్మాయి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"అంకుల్, మీరు అటేగా పోతున్నరు, నన్ను కాలేజీ దగ్గర దింపుతరా?"

"ఇంతసేపు ఏం విన్నావమ్మా? బస్సెక్కాలి!"

"ఇయ్యాల సండే కదా అంకుల్, బస్సులు అయిపోయినయ్."

"చూశావా! అదే యూరప్‌లో అయితే ఉండేది," అని గర్వంగా కారెక్కి, ఒక్కరే వెళ్ళిపోయారు.

అమ్మాయిని నా డొక్కు పెట్రోలు కారులో దింపి వచ్చాను. భూమాత క్షమించాలి.

వేసవిలో ఆయన మళ్ళీ యూరప్ వెళ్తారట, విమానంలోనే. సైకిలు మీద పంపే దారి ఎవరికైనా తెలిస్తే కామెంట్లో చెప్పండి. తిరిగొచ్చే దారి అక్కర్లేదు.