కథలో లేని కూతురు

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడవంటే, ఒక పెళ్ళికొడుకు ఈ చివర రైలు దిగి ఆ చివరి గేటు దాకా నడిచేసరికి గడ్డం పెరిగిపోయింది. అత్తవారు గుర్తుపట్టక వచ్చిన రైల్లోనే ఎక్కించి పంపేశారు.

ఇది నేను ఎనిమిదో తరగతికి చెప్పిన అబద్ధం. ఇలాంటివి నా దగ్గర చాలా ఉండేవి. న్యూ సెటిల్‌మెంట్‌ రైల్వే కాలనీలోని తెలుగు బడిలో నా ఉద్యోగం సంధులూ సమాసాలూ చెప్పడమే అయినా, పిల్లలు ఎదురుచూసేది శనివారం చివరి పీరియడ్ కోసం. ఆ పీరియడ్‌లో కథలు చెప్పేవాణ్ణి. ఏ కథనీ ఉన్నది ఉన్నట్టు చెప్పిన పాపాన పోలేదు. ఎంత ఏడుపు కథైనా నా నోట పడితే పెళ్ళి భోజనంతో తేలాల్సిందే.

ఎనభైల చివర్లో ఒకరోజు మా పెద్ద మేడమ్ ఏదో పత్రికలోంచి చింపిన నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టారు.

"మనసుకి కూడా జబ్బు చేస్తుందని మన పిల్లలకి ఎవరూ చెప్పరు మేస్టారూ. జ్వరమైతే చెయ్యి వేసి చూస్తే తెలుస్తుంది. ఇది తెలీదు. ఈ వయసులోనే చెప్పాలి. మీరు చెప్తే వింటారు. కాకపోతే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

చదివాను. ఒక గుమస్తా ఉన్నట్టుండి మంచం మీంచి లేవడం మానేస్తాడు. ఒంట్లో ఏ నొప్పీ లేదు. తిండి సయించదు, మాట రాదు. భార్య బతిమాలుతుంది, అన్న తిడతాడు, డాక్టరు మందు రాస్తాడు. నెలలు గడుస్తాయి. ఒక మధ్యాహ్నం అతను మెల్లగా లేచి మంచం మీద కూర్చుని, కిటికీ తెరవమంటాడు. అంతే, కథ అయిపోయింది.

మేడమ్ చెప్పినట్టే చదివి వినిపించాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"మంచం మీద కూకోడానికి నాలుగు పేజీలేటండీ?"

క్లాసంతా నవ్వింది. నా క్లాసులో నా మాటకి కాక ఇంకొకడి మాటకి నవ్వడం అదే మొదటిసారి. అది నాకు గుచ్చుకుంది.

తర్వాతి శనివారం అదే కథని నా దారికి తెచ్చుకున్నాను. గుమస్తాని రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్ని చేశాను. అక్కడి సైరన్ మోగితే ఊరంతా లేచే ఊరు మాది. పక్కపేట సుభాష్‌పల్లి కోళ్ళు కూడా కూత మానేసి సైరన్ మీదే బతుకుతున్నాయని చెప్పాను. అంత సైరన్‌కీ నా ఫిట్టర్ లేవడు. అప్పుడు అతనికో కూతుర్ని పెట్టాను. ఆ పిల్ల పక్కింటి రైలు గార్డు దగ్గర ఈల అడిగి తెచ్చి, సైరన్ మోగే వేళకి తండ్రి చెవి దగ్గర ఊదింది. ఫిట్టర్ ఉలిక్కిపడి లేచి, మత్తులో మంచాన్నే సైకిలనుకుని తొక్కుకుంటూ వర్క్‌షాపు గేటు దాటేశాడు. టైంకీపరు మంచానికి కూడా హాజరు వేశాడు.

పిల్లలు బెంచీలు చరిచారు. దీన్ని నాటకం వేద్దామన్నారు. ఎప్పుడూ చెయ్యెత్తని ఒక అమ్మాయి, కిటికీ పక్కన కూర్చునేది, ఆ రోజు చెయ్యెత్తింది.

"కూతురేసం నానేస్తానండి. మా పక్క క్వార్టర్లో గార్డు దాదా ఉన్నాడు, ఈల తెస్తాను."

మేడమ్ సెలవులో ఉన్న రోజు చూసుకుని నాటకం వేయించాను. ఆ అమ్మాయి ఎంత గట్టిగా ఊదిందంటే, రోడ్డు మీద పోతున్న రిక్షా ఆగిపోయింది. ఇది అబద్ధం కాదు. బెంచీ మీద పడుకున్న ఫిట్టర్ ఒక్క గెంతు గెంతాడు. చప్పట్లకి ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నాటకం బాగా వచ్చినందుకే అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం నా సైకిలు దగ్గర నిలబడి ఉంది.

"మేస్టారూ, ఈల ఎన్నిసార్లు ఊదాలండి?"

ఎందుకని అడగాలి కదా. అడగలేదు. నోటి దురద.

"మనిషిని బట్టమ్మా. ఎక్స్‌ప్రెస్ మనిషైతే ఒక్కసారి చాలు. గూడ్సు మనిషైతే ఏడు రోజులు ఊదాలి."

నవ్వుతుందని చూశాను. తను నవ్వలేదు. "ఏడ్రోజులు," అని తనలో తను అనుకుంటూ వెళ్ళిపోయింది. నేను సైకిలెక్కి, గూడ్సు మనిషి అన్న మాట బాగుందని, ఇంకో కథలో వాడుకోవాలని అనుకుంటూ ఇంటికి పోయాను.

తర్వాతి వారం వాళ్ళమ్మ బడికి వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మా గుంటకి ఏటి సెప్పినారు బాబూ?"

భర్త వర్క్‌షాపులో ఫిట్టరట. మూడు నెలలుగా మంచం దిగడం లేదు. సిక్ లీవు కోసం నాటకమాడుతున్నాడని చుట్టుపక్కల వాళ్ళు అంటున్నారు. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఇప్పుడు ఈ పిల్ల రోజూ సైరన్ మోగేసరికి తండ్రి చెవి దగ్గర ఈల ఊదుతోంది.

"నిన్నటికి ఏడ్రోజులంట. నిన్న ఊదితే ఆయన రెండు సెవులూ మూసుకుని గోడకేసి తిరిగి ఏడిసినాడు. అప్పట్నుంచి గుంట అన్నం ముట్టలేదు. నాకు ఊదడం రాలేదు, నా వల్లే నాన్న లెగలేదు అంటంది."

ఇంటికి వచ్చి చూస్తానని చెప్పి ఆవిడ్ని పంపాను.

ఆ సాయంత్రం వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ అమ్మాయి గుమ్మంలో ఈల గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. పక్కన చతికిలబడ్డాను.

"అమ్మా, ఈల సంగతి నేను కల్పించింది. పుస్తకంలో లేదు."

"మరి పుస్తకంలో కూతురేటి సేసిందండి?"

"పుస్తకంలో కూతురే లేదమ్మా. నేనే పెట్టాను."

ఈల గుమ్మం మీద పెట్టి నా మొహంలోకి చూసింది. పదమూడేళ్ళ పిల్ల నన్ను అలా చూడటం అప్పటిదాకా నాకు తెలీదు. లోపలినుంచి, గోడవైపునుంచే, ఆయన గొంతు వచ్చింది.

"అన్ని ఈలలూ ఇనపడ్డాయి మేస్టారూ. ప్రెతీదానికీ లెగుదామనే అనుకున్నాను. కాళ్ళు నావి కానట్టున్నాయి. గుంటని తిట్టకండి."

తిట్టాల్సింది ఎవర్నో ఆయనకి తెలీదు. తెలిసినా అనలేదేమో.

మర్నాడు మేడమ్‌కి జరిగిందంతా చెప్పాను. ఆవిడ గొడుగు తీసుకుని తనే ఆ ఇంటికి వెళ్ళారు. ఇది జబ్బేనని, ఎవరి తప్పూ కాదని భార్యాభర్తలిద్దరికీ చెప్పి, ఆయన్ని రైల్వే ఆస్పత్రిలో చూపించే ఏర్పాటు చేశారు. ఆయన మళ్ళీ డ్యూటీకి వెళ్ళేసరికి వానాకాలం వచ్చింది. గెంతలేదు, మంచం తొక్కలేదు. ముందు మంచం మీద కూర్చున్నాడట. కొన్నాళ్ళకి గుమ్మం దాకా వచ్చాడట. ఆ నాలుగు పేజీల్లో ఉన్నది అక్షరాలా అదే. నేను మాత్రం దాన్ని చప్పగా ఉందనుకున్నాను.

ఆ అమ్మాయి నా క్లాసులో మళ్ళీ నవ్వలేదు. శనివారాలు కథ మొదలుపెట్టగానే కిటికీలోంచి బయటికి చూసేది. మిగతా వాళ్ళందరూ విరగబడి నవ్వుతున్నా, నాకు ఆ ఒక్క కిటికీయే కనిపించేది.

మరుసటి ఏడాదినుంచి ఆ కథని ఉన్నది ఉన్నట్టే చదువుతూ వచ్చాను. "అంతేనా మేస్టారూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "ఆ రోజుకి అంతే," అంటాను.

పదో తరగతి వీడ్కోలు రోజున ఆ అమ్మాయి తనంత తనే నా దగ్గరికి వచ్చింది.

"మా సెల్లి సెప్పింది మేస్టారూ, ఆ కథ దాని క్లాసులో కూడా సదివినారట. అందులో కూతురు లేదట."

"లేదమ్మా. తీసేశాను."

"ఉంచండి మేస్టారూ. ఏటీ ఊదక్కర్లేదు. పక్కన కూకుంటే సాలు."

సరేనన్నాను. ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను. కాగితం మీద ఆ కూతుర్ని తెచ్చి మంచం పక్కన కూర్చోబెడతాను. ఒకటి రెండు వాక్యాలు కుదురుగానే కూర్చుంటుంది. మూడో వాక్యానికి నా చెయ్యి ఊరుకోదు, ఆ పిల్లకి ఏదో ఒక పని పెట్టేస్తుంది. కాగితం చింపేస్తాను.