బోర్డు తుడిచే బటన్

బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, పటమటలో ఒక జెరాక్స్ కొట్టు మేడమీద నేనూ నా స్నేహితుడూ కలిసి వెబ్ హోస్టింగ్ వ్యాపారం పెట్టాం. అంటే, జనం వెబ్‌సైట్లకు మా సర్వర్లో చోటు అద్దెకిచ్చేవాళ్ళం. ఎవరి సైటు వాళ్ళే మార్చుకోవడానికి ఒక కంట్రోల్ ప్యానెల్ ఉండేది. దాన్ని మావాడే రాశాడు. మనిషి బంగారమే కానీ, తెరమీది ప్రతి మాటా యంత్రం చేసే పనిని ఉన్నదున్నట్టు చెప్పాల్సిందేనంటాడు. చెబుతుంది సరే, అది ఎవడికి అర్థమవుతుందిరా అని నా గోల.

మా మొదటి ఖాతాదారు కైకలూరు దగ్గర చేపల వ్యాపారం చేసే ఒకావిడ. బొచ్చె ఎంత, శీలావతి ఎంత అని తెల్లారేసరికి సైటులో పెడితే, కలకత్తాలో కొనేవాళ్ళు చూసుకుని ఫోన్ చేసేవారు. సైటు పెట్టిన వారానికే ఆవిడ దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే మాకు ఫోను.

“ఏవండీ, సైటు మళ్ళీ పోయిందండీ. రేట్లు పెడదామంటే అసలు పేజీయే లేదు. కలకత్తా వాళ్ళు పక్క కొట్టుకి ఫోన్ చేసుకుంటున్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నేను మానేస్తానండీ.”

మా దగ్గరున్న కాపీ తీసి మళ్ళీ పెట్టేవాళ్ళం. మర్నాడు మళ్ళీ మాయం. ఎవడో దొంగ చొరబడుతున్నాడని మావాడు సర్వర్‌కి తాళం మీద తాళం వేశాడు. చివరికి విసుగెత్తి ఇద్దరం బస్సెక్కి ఆవిడ కొట్టుకే వెళ్ళి కూర్చున్నాం.

సాయంత్రం బేరాలయ్యాక ఆవిడ తడిగుడ్డతో గోడమీది రేట్ల బోర్డు శుభ్రంగా తుడిచింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, సైటులోని ఫైళ్ళన్నీ ఎంచుకుని డిలీట్ నొక్కింది. “ఈ డైరెక్టరీలోని ఫైళ్ళన్నీ శాశ్వతంగా తొలగించబడును. కొనసాగించాలా?” అని ప్యానెల్ మర్యాదగానే అడిగింది. ఆవిడా మర్యాదగానే అవునంది.

నోళ్ళు తెరుచుకున్న మమ్మల్ని చూసి, “పాచి రేటు మొహాన పెట్టుకుని కూర్చుంటే తెల్లారి బోణీ ఎలా అవుద్దండీ?” అంది.

తిరుగు బస్సులో మావాడు, “అడిగింది, అవునంది, తీసేసింది. ఇందులో ప్యానెల్ తప్పేముంది?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “తప్పేం లేదురా. సైటూ లేదు. ఆవిడకి కావలసింది ఖాళీ బోర్డు, నువ్విచ్చింది ఖాళీ సర్వరు.”

గుడివాడలో బస్సాగితే వాడు లేచి వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. మర్నాడు మాత్రం ఆవిడ కోసం ‘బోర్డు తుడువు’ అని ఒక బటన్ పెట్టాడు. అది నొక్కితే రేట్లు కనబడకుండా పోతాయంతే, ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. తుడవకుండానే తుడిచామని చెప్పడం పచ్చి అబద్ధమని మూతి ముడుచుకునే రాశాడు. పొద్దున్నే వచ్చే ఫోన్లు ఆగిపోయాయి. ఆ సంతోషంలో నేను వేడి పునుగులు తెప్పించాను.

మావాడు మటుకు బటన్ల జోలికి పోయేవాడు కాదు. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయడమే అసలు పద్ధతి అనేవాడు. ఒక మధ్యాహ్నం ఏవో పాత ఫైళ్ళు తీసేయబోయి, తొలగించే ఆదేశం పొరపాటున అందరి సైట్లూ ఉన్న చోట కొట్టాడు. ఆవిడ సైటుతో సహా అన్నీ పోయాయి. తెర ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

“సరిగ్గానే పనిచేసింది,” అన్నాడు నీరసంగా. కాపీలోంచి తీసి పెడుతుండగానే ఫోను మోగింది.

“ఏవండీ, ఇంకా పొద్దయినా వాలలేదు. అప్పుడే నా బోర్డు ఎవరు తుడిచేశారండీ?”

ఆవిడ మానేస్తానన్న మాట గుర్తొచ్చి, కరెంటు పోయిందని చెప్పబోయాను. మావాడు నా చేతిలోంచి ఫోను తీసుకుని, “నేనేనండీ, పొరపాటున అంతా తీసేశాను,” అన్నాడు.

ఆవిడ నవ్వు నా దాకా వినిపించింది.

“అదేంటండీ, నా బటన్ నొక్కకపోయారా?”