రాతి గడపకు రాసిన పసుపు

పరాయి దేశంలో మేం స్థిరపడ్డ టార్నీట్‌ అనే నగర శివారులో, మా ఇంటి గడప అంటే ఒక అల్యూమినియం పట్టీ. శుక్రవారం మా ఆవిడ దానికి పసుపు రాస్తే సాయంత్రానికి పెచ్చులూడిపోతుంది. అందుకే ఈస్టర్ సెలవులకు అద్దెకు తీసుకున్న ఆ పాత ఇంటి ముందు దిగగానే, "చూశావా, ఇదీ గడపంటే" అని ఆమెను ఉత్సాహపరిచింది నేనే.

అదొక చిన్న పల్లె. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు తాము వదిలొచ్చిన ఊరిలాగే కట్టుకున్నారట. రాతి చర్చి, మూతబడ్డ పిండిమర, ఒకే వీధిలో పొగగొట్టాల ఇళ్లు. మేం దిగిన ఇంటి గడప లేత ఇసుకరాయి. ఎన్ని తరాలు తొక్కాయో, నడుమ అరిగిపోయింది.

మర్నాడు శుక్రవారం. వంటకని తెచ్చిన పసుపు కలిపి మా ఆవిడ గడప నిండా రాసింది. ఫోటో తీయబోతుంటే తలుపు పక్కన ఇత్తడి పలక కనబడింది. ఇది పరిరక్షిత కట్టడం, రాతికి రంగులు వేయరాదు. పక్కింట్లో ఉండే ఇంటి యజమానురాలు, పెద్దావిడ, పొద్దున్నే కట్టెలు తెస్తానని ముందురోజే చెప్పింది. ఆమె వచ్చేలోగా వదిలించేద్దామని బట్టల సబ్బుపొడి చల్లి రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది. రుద్దేకొద్దీ ఇంకా ఎర్రబడింది.

మా ఆవిడ లోపలినుంచి వచ్చి చూసింది. "ఏమండీ, గడపకు పారాణి పెడుతున్నారా?"

అంతలో గేటు చప్పుడైంది. పెద్దావిడ కట్టెల బుట్టతో గడపకేసి చూస్తూ నిలబడిపోయింది.

"మా పాప ఆడుకుంటూ ఏదో ఒలకబోసింది" అన్నాను ఇంగ్లీషులో.

ఎనిమిదేళ్ల పాప నా పక్కనే ఉంది. "నాన్నా, ఐ డిడ్‌న్ట్" అంది మెల్లగా.

ఆఫీసులో ఇలాంటివి చాలా చేశాను. నా పొరపాటును ఎవరి మీదికో జరిపేసి, తర్వాత వాళ్ల ముఖం చూడకుండా తిరిగేవాణ్ని. పాప మాత్రం కళ్లు తిప్పుకోలేదు. నేను ఇంకేదో అంటానని ఎదురుచూస్తోంది.

"కాదు, పాప కాదు. రాయమన్నది నేను, పాడుచేసిందీ నేనే" అని, శుక్రవారం గడపకు పసుపు ఎందుకు రాస్తామో చెప్పాను.

పెద్దావిడ అంతా విని ఒకటే అడిగింది, ఇది పోతుందా అని. నాకు తెలియదు. మా ఆవిడకు తెలుసు.

"నీళ్లతో సబ్బంతా కడిగేసి ఎండకు వదిలేయండి. పెళ్లిళ్లలో చొక్కాలకంటిన పసుపు అలాగే కదా పోయేది! నన్నొక్క మాట అడిగుంటే?"

కడిగితే ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. ఆ రెండు రోజులూ మబ్బు పట్టినప్పుడల్లా బయటికొచ్చి ఆకాశం చూశాను. ఆదివారం మధ్యాహ్నానికి రాయి రాయిలా మిగిలింది. పెద్దావిడ వంగి వేలితో తడిమి, "మీ దేవతను నా రాయి తరిమేయలేదు కదా?" అంది. మా ఆవిడ పడీపడీ నవ్వింది.

"నాన్న పుట్ సోప్ ఆన్ ఇట్!" అని పాప వీధంతా వినబడేలా అరిచింది.

"అవును, నేనే" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నా నోట ఎప్పుడూ రాలేదు.