జయశీలన్ బిగించిన వాల్యూమ్ కంట్రోల్

సాతంరాయిలో బెంగళూరు రోడ్డు పక్కన జయశీలన్ రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. పంతొమ్మిది వందల తొంభై ఆరు నాటికి రేడియోలు తగ్గిపోయి టేపురికార్డర్లే ఎక్కువ వచ్చేవి. యాభై తొమ్మిదేళ్ల ఆ మనిషికి పొద్దున షట్టర్ ఎత్తేసరికే నడుము లాగేసేది. అయినా ఎవరు ఏ సెట్టు తెచ్చినా కాదనేవాడు కాదు.

ఆ వేసవిలో చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే ప్రేమ్ రాజ్ దాన్ని తీసుకుని వచ్చాడు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందన్నాడు. జయశీలన్ వెనక మూత ఊడదీస్తే లోపలి కంట్రోల్ అరిగిపోయి ఉంది. డబ్బాలో చేతికందిన టేపురికార్డర్ కంట్రోల్ ఒకటి తీసి, టంకం పెట్టి బిగించాడు. గరగర పోయింది.

సోమవారం ప్రేమ్ రాజ్ మళ్లీ వచ్చాడు.

"అన్నా, గరగర పోయింది గానీ తీగల మీద దుప్పటి కప్పినట్టున్నది. ఎంత పెంచినా మోత తప్ప గలగల లేదు."

జయశీలన్ గిటారును దుకాణంలోని యాంప్లిఫయర్‌కు తగిలించి తీగలు మీటాడు. "మంచిగనే ఉన్నది గదా."

ప్రేమ్ రాజ్ తల దించుకున్నాడు. సద్దిగిన్నె తెచ్చిన డోర్కాస్ గడపలోనే ఆగి, భర్త వంక చూసింది.

"మంచిగ లేదు. మబ్బుగున్నది," అంది మెల్లగా. "నీకు సన్న చప్పుడు ఇనబడ్తలేదు. రెండేండ్ల సంది నువ్వు చేసిన సెట్లు చెవులు కోస్తున్నయని అంటున్నరు. నీతోని చెప్పబుద్ధి కాలే."

 జయశీలన్ స్టూలు మీద కూలబడ్డాడు. సెట్టు సరిచేశాక, సన్న చప్పుడు పెంచే ట్రెబుల్ మీటను పూర్తిగా తిప్పి ఇచ్చేవాడు. అలా అయితేనే బాగున్నట్టు అనిపించేది మరి. కొట్లాడే ఓపిక లేదు, ఏడ్చే ఓపికా లేదు.

"గిటారు ఇడిసిపో తమ్మీ. రేపు రా," అన్నాడు.

చెవి పనికిరాకపోయినా లెక్క తెలుసు. పారేసిన పాత కంట్రోల్‌ను చెత్తలోంచి ఏరి, భూతద్దం కింద పెట్టి చూశాడు. కరెంటును అడ్డుకునే విలువ అయిదు వందల కిలో ఓమ్‌లు అని ఉంది. తాను పెట్టింది వంద. గిటారు తీగల కింద ఉండే రాగితీగ చుట్ట నుంచి వచ్చే కరెంటు చాలా బలహీనం. అది యాంప్లిఫయర్‌కు వెళ్లే దారిలో ఈ కంట్రోల్ గుండా కొంత ఎర్తుకు జారిపోతుంది. కంట్రోల్ విలువ ఎంత తక్కువైతే అంత ఎక్కువ జారుతుంది. ముందు పోయేవి సన్నని చప్పుళ్లే. తన చెవిలోంచి పోయినవీ అవే.

అయిదు వందలది కొత్తది దొరకలేదు. అటక మీద ఎవరూ తీసుకుపోని వాల్వు రేడియో ఒకటి ఉంది. దాని కంట్రోల్ ఊడదీసి, దుమ్ము తుడిచి, మీటరు పెట్టి అయిదు వందలేనని చూసుకుని గిటారుకు బిగించాడు.

మర్నాడు తీగ మీటి భార్యను అడిగాడు. "ఎట్లున్నది?"

"ఇగ తెరుచుకున్నది," అంది డోర్కాస్. ప్రేమ్ రాజ్ అయితే అక్కడే నిలబడి ఒక కీర్తన పూర్తిగా వాయించాడు. వాళ్ల ముఖాలు చూసి జయశీలన్ పని కుదిరిందని గ్రహించాడు. ఆయనకు మాత్రం నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియలేదు.

"నాకైతే ఒక్క తీరే ఇనబడుతున్నది," అని ఒప్పుకున్నాడు. అంతవరకు ఎవరి ముందూ అనని మాట అది. "జర్ర నువ్వు రోజూ వచ్చి కూసుంటవా?" అని భార్యను అడిగాడు.

ఆనాటి నుంచి మధ్యాహ్నాలు డోర్కాస్ దుకాణంలో కూర్చునేది. ఆయన టంకం పెడితే ఆమె విని చెప్పేది. ఆమె చెప్పిన చోట ట్రెబుల్ ఆపడం మొదట్లో ఆయనకు కష్టమైంది. మూడేళ్లు అలా నడిపారు. మధ్యలో చాలా రోజులు ఆయన బల్ల మీదే తల వాల్చి నిద్రపోయేవాడు. ఎవరైనా వస్తే ఆమె లేపకుండా, సాయంత్రం రమ్మని చెప్పి పంపేది.