మిరపకాయలు లేని దిష్టి

జపాన్‌లో మేమున్న ఊరి పాత షింటో గుడిలో వేసవి పండుగ. ఆ జనంలో ఏడు నెలల బాబుకు ఏమవుతుందోనని వాడిని గట్టిగా హత్తుకుని నిలబడ్డాను. నా కంగారు చూసి ఒక ముసలావిడ కాగితం బొమ్మతో వాడి ఒళ్లంతా తుడిచి, దాని మీద నాతో మూడుసార్లు ఊదించింది. పీడంతా బొమ్మలోకి పోయిందని తన ఫోన్‌లో అనువాదం చూపించింది. చాలదేమోనని ఇంకో రెండు బొమ్మలు అడిగి తీసుకున్నాను.

చిట్యాల నుంచి వీడియో కాల్‌లో అత్తమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"నేను ఉప్పు, మిరపకాయలతోని దిష్టి తీస్తాంటె మూఢనమ్మకమంటివి. గిదేంది బిడ్డా, సైన్సా?"

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె ఫోన్ ముందు ఉప్పు తిప్పుతుంది. మూడు చుట్లూ పూర్తయ్యేదాకా బాబు కెమెరా ముందు నుంచి కదలకుండా నేను పట్టుకుంటాను.