నెలకు ఒక్క ఉత్తరం

అన్నను పోలీసులు తీసుకుపోయిన మరునాడు పొద్దున మా అవ్వ, అంటే అమ్మ, నాలుగు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం గుడ్డలో మూటగట్టి "నడువు బిడ్డా" అంది. జహీరాబాద్‌లో మేముండే వాడ నుంచి తహసీల్ కచేరీకి పావుగంట నడక. ఆ కచేరీ వెనకనే సబ్‌జైలు. పుట్టి పెరిగిన ఊరే అయినా ఆ గోడ అవతల ఏముంటుందో, లోపలికి ఎవరిని రానిస్తారో మాకేమీ తెలియదు. ఆ తెలియకపోవడంలో కొంత గర్వం కూడా ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. జైలు సంగతులు మనకెందుకు అనుకునే ఇల్లు మాది.

జరిగింది పొలం దగ్గర. చిరాగ్‌పల్లి తోవలో మాకూ చిన్నాయన వాళ్లకూ పక్కపక్కనే చెలకలు. నడిమి గట్టు ఎవరు ఎంత కలుపుకున్నారన్న మాట మీద అన్నకూ చిన్నాయన కొడుక్కూ చాలా ఏళ్లుగా పడేది కాదు. చిన్నాయన కొడుకు అన్న కంటే చిన్న, నాకంటే పెద్ద. నేనతన్ని చిన్నన్న అని పిలిచేదాన్ని. ఆ రోజు మాటామాటా పెరిగింది. అన్నకు కోపం వస్తే కళ్లు కనబడవు. పారకున్న కర్ర కామతో కొట్టాడు. చిన్నన్న మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

సబ్‌జైలు తలుపు దగ్గర జవాను మమ్మల్ని ఆపాడు.

"ములాఖాత్‌కు అర్జీ ఏది?"

అవ్వ నా మొహం చూసింది. నేను జవాను మొహం చూశాను.

"అర్జీ అంటే కాయితం! ఖైదీ ఎవలు, మీరు ఆయనకేమైతరు, ఎందుకొచ్చిన్రు, అన్నీ రాసి తేవాలె. సాబ్ దస్తఖత్ చేస్తెనే లోపటికి."

నేను ఏడో తరగతి చదివి, ఆడపిల్లల బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుండేదాన్ని. కచేరీలో ఒకాయన్ని అడిగి కాగితం తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని రాశాను. ఎందుకు వచ్చారు అన్నచోట ఏం రాయాలో తోచలేదు. చాలాసేపు ఆలోచించి "చూడటానికి" అని రాశాను. కింద అవ్వ వేలిముద్ర వేసింది.

శిక్ష పడనివాళ్లకు ఇంటి తిండి ఇవ్వొచ్చట. కానీ జవాను మూట విప్పి ప్రతి రొట్టెనూ నడిమికి తుంచి చూశాడు. అవ్వ ఆ చేతులనే చూస్తూ నిలబడింది. అన్న కటకటాల దగ్గరికి వచ్చి తల వంచుకున్నాడు. నాకు దుఃఖం పొంగుకొస్తోంది. అవ్వ మాత్రం ఏడవలేదు.

"ఎద్దులకు నీళ్లు ఎవడు వెడ్తడనుకున్నవురా? కొట్టేటప్పుడు యాదికి రాలేదా?" అంది.

అన్న ఆ మాటకు తలెత్తి మొదటిసారి మమ్మల్ని చూశాడు.

విచారణ జరిగి మూడేళ్ల శిక్ష పడింది. అన్నను సంగారెడ్డి జైలుకు పంపారు. పొలం పాలుకిచ్చాం. బస్సులో సంగారెడ్డి పోయి రావడం ఒక దినం పని. అక్కడి పద్ధతులు వేరు. ఇంటి తిండి లేదు. నెలకు ఒక ములాఖాత్, నెలకు ఒక ఉత్తరం రావొచ్చు, ఒకటి పోవొచ్చు. ములాఖాత్ అంటే పొడుగాటి గదిలో రెండు ఇనుప జాలీలు. అవతలి జాలీ వెనక వాళ్లు, ఇవతల మనం, నడుమ మూరెడు ఖాళీ. పది కుటుంబాలు ఒక్కసారే అరుస్తుంటే ఎవరి మాట ఎవరికీ వినిపించదు. అన్న పెదవులు కదలడం చూసి మేం తల ఊపేవాళ్లం. బయటికొచ్చాక "ఏమన్నడే?" అని అవ్వ నన్ను అడిగేది.

అందుకే మాకు ఉత్తరమే దిక్కయింది. నేను రాసిన మొదటి కార్డులో సగం అన్నకు చేరలేదు. గట్టు కొలవడానికి మనుషులొచ్చారనీ, చిన్నన్న వాళ్లు ఇలా అంటున్నారనీ రాశాను. జైల్లో ఉత్తరాలన్నీ చదివే మున్షీ ఆ వరుసల మీద నల్లసిరా పూసేశాడు. తర్వాతి నెల పోయినప్పుడు ఆయనే నన్ను పిలిచాడు. తెల్లగడ్డం, మందపాటి అద్దాలు, పెద్ద వయసు.

"బేటీ, కేసు ముచ్చట రాయొద్దు. లడాయి ముచ్చట రాయొద్దు. ఇల్లు, పంట, పాణం ఎట్లున్నదో గది రాయి. అక్షరాలు జర పెద్దగ రాయి, నా కండ్లు మంచిగలేవు. పైన నంబర్ వెయ్యాలె, లేకుంటె వేరేటోనికి పోతది."

అన్న పేరు పక్కన నంబరు వేయడం నాకు మొదట్లో చాలా కష్టమయ్యేది. మెల్లగా అలవాటైంది. మా వాడలోనూ పక్క వాడల్లోనూ ఎవరింట్లో ఇలాంటి కష్టం వచ్చినా నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఝరాసంగం నుంచి ఒకామె భర్త కోసం అర్జీ రాయించుకుపోయింది. జైలుకు ఏ దినం పోవాలో, ఏది పట్టుకుపోకూడదో, జవానుతో ఎట్లా మాట్లాడాలో నేను బడిపాఠంలా చెప్పేదాన్ని.

అవ్వ చెప్పేది, నేను రాసేదాన్ని. ఆమె చెప్పిందంటే తిట్లే. "తిన్నవా పన్నవా అని నేనడగ. నువ్వు లేకుంటె ఇల్లు నిమ్మలంగున్నదని రాయి. కుడిదిక్కు ఎద్దు నీ లెక్కనే మొండికేస్తున్నదని రాయి." నేను మెత్తగా మార్చబోతే వేలితో కార్డు మీద కొట్టి "నేనన్నది అన్నట్టు రాయి" అనేది. చదువు రాదు గానీ ఎట్లా పసిగట్టేదో. అన్న నాలుగో తరగతి దాకా చదివాడు. పెద్ద పెద్ద అక్షరాలతో జవాబు రాసేవాడు. "అవ్వ తిట్లు ముట్టినయి. మంచిగున్న. ఎద్దును కొట్టొద్దని చెప్పు."

రెండో ఏడు వానకాలం మొదట్లో అవ్వకు జ్వరం వచ్చింది. రెండు దినాలు ఇంట్లోనే కషాయం తాగింది. మూడో దినం దవాఖానకు తీసుకుపోయాం. నాలుగో దినం పొద్దున్నే పోయింది. అంత తొందరగా పోతుందని మేమెవరం అనుకోలేదు.

వాడవాళ్లు చేరారు. తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. నాయన ఎప్పుడో పోయాడు, కొడుకు జైల్లో. పెద్దలు తలా ఒకటి అంటున్నారు. అప్పుడు చంకకింద కర్ర పెట్టుకుని చిన్నన్న వచ్చాడు. దెబ్బ తిన్ననాటి నుంచి అతను మా గడప తొక్కలేదు. ఆ ఇంటి ఆడవాళ్లు మేం ఎదురైతే మొహం తిప్పుకునేవారు. అందరూ జరిగి అతనికి తోవ ఇచ్చారు.

"నేను వెడ్త తలగోరు" అన్నాడు.

"కాలు ఆగుతదారా నీకు?" అన్నాడు ఒక పెద్దాయన.

"పెద్దవ్వ చేతి బువ్వ తిని పెరిగిన. ఆగుతది."

అతను భుజాన కుండ పెట్టుకుని చితి చుట్టూ తిరగడం దూరం నుంచి చూశాను. కర్ర పక్కన పడేశాడు. ఒక్కో అడుగుకూ ఒళ్లంతా ఒక పక్కకు ఒరుగుతోంది. ఎవరో పట్టుకోబోతే వద్దన్నాడు. మూడు చుట్లు పూర్తి చేశాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దినాలు కూడా తనే చేశాడు.

దినాలు కాగానే సంగారెడ్డి పోయాను. సంగతి విని మున్షీ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ దినమే టపాకచేరిల తార్ కొట్టి, ఠాణా నుంచి ఒక కాయితం పంపితె సాబ్ రెండు దినాలు ఇడిచిపెడ్తుండెనేమో. గిట్ల అడగొచ్చని మీకు ఎవలూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఊరందరికీ పద్ధతులు నేర్పే నాకు ఆ ఒక్కటి తెలియదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

"ఇప్పుడన్న చెప్పనా? పిలిపించనా?" అన్నాడాయన.

నేను జాలీల గదివైపు చూశాను. ఆ అరుపుల మధ్య "అవ్వ చచ్చిపోయింది" అని కేక వేసి చెప్పాలి. విన్నాక అన్న ఏం చేస్తాడు? కోపానికే జైలుకొచ్చినవాడు. మంచి నడవడికి ప్రతి నెలా కొన్ని దినాలు శిక్షలో మాఫీ అవుతున్నాయి. లోపల ఎవరినన్నా ఏమన్నా అంటే అవన్నీ పోతాయి. పైగా తలకొరివి ఎవరు పెట్టారని అడిగితే ఏమని చెప్పను?

"వద్దు. బయటికొచ్చినంక చెప్త" అన్నాను.

ఆ నెల ములాఖాత్‌లో అవ్వకు మోకాళ్ల నొప్పులనీ, బస్సెక్కలేకపోయిందనీ చెప్పాను. ఇంటికొచ్చి కార్డు ముందు పెట్టుకుని అవ్వ తిట్లు నేనే కట్టబోయాను. రెండు వరుసలు రాసి ఆ కార్డు చింపి, ఇంకోటి తీసుకున్నాను. అవ్వ బాగుందని, నిన్ను పైలంగా, జాగ్రత్తగా ఉండమన్నదని రాసి ముగించాను. అట్లా మూడు కార్డులు రాశాను. అన్న ప్రతిసారీ "అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి" అని జవాబు రాసేవాడు. ఆ వరుస చదివి నేను బడికి పోయేదాన్ని. రోజంతా పిల్లలు ఏం చదివారో నాకు తెలిసేది కాదు.

నాలుగో నెల మున్షీ నన్ను ఆపాడు.

"బేటీ, కానూన్‌కు ఖిలాఫ్ రాసింది కొట్టేసుడు నా పని. అబద్ధం కొట్టేయాల్నని ఏ కానూన్‌ల లేదు. మూడు కార్డులు ఇడిచిపెట్టిన. గాని నీ అన్న సరిగ తింటలేడు. ఇయ్యాల నిన్ను ఆఖరుకు పంపిస్త. అందరు పోయినంక. నిమ్మలంగ మాట్లాడుకోండి."

అందరి వంతూ అయ్యేదాకా బయట కూర్చున్నాను. లోపలికి పోతే గదిలో ఒక జవాను తప్ప ఎవరూ లేరు. అంత నిశ్శబ్దంగా ఆ గదిని ఎప్పుడూ చూడలేదు. అన్న జాలీ దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు. నేను నోరు తెరవకముందే అన్నాడు.

"అవ్వ పోయింది గదా, చెల్లె?"

నేను జాలీ పట్టుకుని ఏడ్చాను. అతను ఏడవలేదు. ఏడ్చే పని అప్పటికే ఒంటరిగా అయిపోయినట్టుంది.

"నీకెట్ల ఎరుక?"

"అవ్వ ఎన్నడన్న నన్ను పైలం అన్నదా? మొదటి కార్డుల్నే ఎరుకైంది. నువ్వు దాస్తున్నవు గదా, నిన్నెందుకు బాధ వెట్టాల్నని మోకాళ్ల ముచ్చట అడుక్కుంట కూసున్న."

అన్నను కాపాడుతున్నానని నేననుకున్న ఆ మూడు నెలలూ అతను తల్లి పోయిన దుఃఖం ఎవరికీ చెప్పుకోలేక, నాకోసం నటిస్తూ గడిపాడు. నేను దాచింది అతని మేలుకేనా, లేక చెప్పే ధైర్యం నాకు లేకనా అని చాలా ఏళ్లు ఆలోచించాను. రెండూ ఉన్నాయనే అనుకుంటున్నాను.

"తలగోరు ఎవలు వెట్టిన్రు?" అన్నాడు.

ఇక అబద్ధం చెప్పలేను. "చిన్నన్న" అన్నాను.

జవాను గోడకానుకుని వేరే దిక్కు చూస్తున్నాడు.

"ఆ కాలుతోని మూడు సుట్లు తిరిగిండా?"

"తిరిగిండు. కట్టె పక్కకు పడేసి తిరిగిండు."

టైం అయిందని జవాను మెల్లగా అన్నాడు.

తర్వాతి నెల నాకు ఉత్తరం రాలేదు. రోజూ టపా కోసం చూసి, మళ్లీ ఏమైందోనని ఫికరు పడుతున్నాను. ఒక సాయంత్రం చిన్నన్న కర్ర చప్పుడు మా వాకిట్లో వినిపించింది. చేతిలో కార్డు ఉంది. అతనికి చదువు రాదు.

"నా పేరు మీదొచ్చింది. జర సదువు."

అన్న అక్షరాలు. నెలకున్న ఒక్క ఉత్తరం చిన్నన్నకు రాశాడు. చదివాను. "తమ్ముడూ, అవ్వకు నువ్వు చేసింది చెల్లె చెప్పింది. నీ కాలు ఎట్లున్నదో రాయించు. జవాబు ఇయ్యకున్నా నాకేం కోపం లేదు." నడుమ రెండు వరుసల మీద నల్లసిరా పూసి ఉంది.

"ఆడ ఏమున్నది?" అన్నాడు చిన్నన్న.

"కొట్టేసిన్రు. కేసు మాట రాస్తె కొట్టేస్తరు."

అతను కార్డు తీసుకుని దీపం వెలుగుకు అడ్డంగా పట్టి, చదువు రాకపోయినా ఆ నలుపును చాలాసేపు చూశాడు. తర్వాత నాకు తిరిగిచ్చి మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు. చదివాను.

"జవాబు రాయనా?" అని అడిగాను.

"ఏం రాస్తవ్?"

"నువ్వు చెప్తె రాస్త."

గడప మీద కూర్చుని కాలు చాపుకున్నాడు. "వాన మంచిగ పడ్డదని రాయి. రెండు చెలకల్ల పడ్డదని రాయి."

అదే రాశాను. నంబరు వేసి, అక్షరాలు పెద్దగా దిద్దాను.

మాఫీ దినాలు కలిసొచ్చి అన్న కొన్ని నెలలు ముందే విడుదలయ్యాడు. ఏ దినమో మాకు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం గుడ్డసంచితో బస్సు దిగాడు. నేను బడి నుంచి వచ్చేసరికి పక్కింటామె ఎదురొచ్చి చెప్పింది, అన్న వచ్చాడనీ, మా ఇంటికి రాకుండా ముందు చిన్నన్న ఇంటికి పోయాడనీ. పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. అవ్వ పడుకునే మూలలో కొంతసేపు కూర్చుని, లేచి అన్నం పెట్టమన్నాడు.

"చిన్నన్నతోని ఏం మాట్లాడినవ్?" అని అడిగాను.

"ఏం మాట్లాడలె. కూసున్న. వాడు సుట్ట ఇచ్చిండు, తాగిన."

వాళ్లిద్దరూ ఒక్కటైపోయారని చెప్పను. పెళ్లిళ్లలో వేరువేరు బంతుల్లోనే కూర్చునేవారు. చిన్నన్న కాలు బాగుకాలేదు. నాగలి వెంట నడవడం అతని వల్ల కాదు. తొలకరి పడగానే అన్న ఎద్దులను తోలుకుని ముందు అతని చెలకలోకి దిగాడు. నేను సద్ది పట్టుకుని పోయేసరికి చిన్నన్న వేపచెట్టు కింద కూర్చుని గట్టిగా అరుస్తున్నాడు. "ఎడమకు! ఇంకా ఎడమకు! ఆడ రాయున్నది, కండ్లు కనవడ్తలేవా?" ఎవరి మాటా పడని మా అన్న కిక్కురుమనకుండా ఎద్దులను ఎడమకు తిప్పాడు.