ఒంటికన్ను సింహం

ఎకో బెంట్సిల్ పడవ మీద గీసిన సింహాన్ని చూసి ఆపామ్ రేవులో ఒక నిజమైన సింహం సముద్రంలో దూకి చచ్చిపోయింది. సరే, సింహం కాదు, కుక్క. చావలేదు కూడా, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. పడవలో ఎండుచేప కోసం ఎక్కి కాలు జారిందనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కళ అంటే గౌరవం లేదు.

ఎకోకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి బొమ్మలే చెబుతాయి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని, ఎదురుగా కనిపించింది గీస్తూ నేర్చుకున్నాడు. ఎదురుగా కనిపించింది అరబా. మొక్కజొన్న పిండి ముద్దల్ని ఆకుల్లో చుట్టి, కెంకే ఉడికించి అమ్మే వితంతువు. కుండ మూత తీసినప్పుడల్లా ఆవిరికి ఎడమ కన్ను మూసి, మూతి బిగిస్తుంది. ఎకోకు వచ్చిన ముఖం అదొక్కటే. అందుకే సెలూన్ బోర్డు మీద రకరకాల క్రాపుల కుర్రాళ్లందరూ ఎడమ కన్ను మూసుకునే ఉంటారు. బాక్సరూ అంతే, జలకన్యా అంతే. చర్చి గోడ మీద ముగ్గురు జ్ఞానులు బేత్లెహేము నక్షత్రాన్ని ఒంటికంటితోనే వెతుక్కుంటున్నారు.

ఏళ్ల తరబడి చూసిన ఆ ముఖాన్ని ఇంటికి తెచ్చుకోవాలని ఎకోకు బుద్ధి పుట్టింది. ఒక మంగళవారం పొద్దున్నే మేనత్త చేత అరబా వాళ్లింటికి పెళ్లి అడిగే సారా సీసా పంపాడు. ఉంచుకుంటే ఒప్పుకున్నట్టు. తిప్పి పంపితే ఊరంతా నవ్వినట్టు.

మంగళవారం సముద్రుడికి సెలవు. వేట లేదు, పడవలన్నీ ఇసుక మీదే. జవాబు కోసం చూస్తూ ఎకో పడవ మీది సింహానికి జూలు దిద్దుతున్నాడు. అంతలో రాజధాని అక్రా నుంచి కారులో నల్ల కళ్లద్దాల ఆర్ట్ గ్యాలరీ యజమాని దిగాడు.

"మాస్టారూ, ఈ మూసిన కన్ను! ఇది లోకాన్ని చూడటం లేదు, అవతలి లోకాన్ని చూస్తోంది. మీ పూర్వీకులేనా?"

ఎకో ఆయన బూట్లు చూశాడు, కారు చూశాడు.

"అవునండీ. చచ్చిపోయిన పెద్దలు కలలోకొచ్చి కూర్చుంటారు. నేను గీస్తాను, అంతే."

వెనక కెంకే బేసిన్ ఖంగుమని దిగింది.

"నేనెప్పుడు చచ్చానయ్యా?" అంది అరబా. చంకలో సీసా ఉంది. "పూర్వీకులకైతే సారా నేల మీద పోస్తారు కదా. ఇదిగో నీ సీసా. పొయ్, ఇక్కడే నా కాళ్ల దగ్గర పొయ్!"

"ఒక చుక్క మాక్కూడా మిగుల్చు బాబాయ్!" అని వలలు కుట్టేవాళ్లు కేకేశారు.

మూత తీస్తే పెళ్లి పోయినట్టే. ఎకో సీసాను రెండు చేతులా పట్టుకుని కారు వైపు చూశాడు, అరబా వైపు చూశాడు.

"అది నీ ముఖమే అరబా. అన్నీ నీవే."

"సింహం కూడానా?"

"సింహం ముందు నుంచీ నువ్వే."

నల్ల కళ్లద్దాలాయన కారెక్కాడు. కెంకే అమ్మే మనిషి కన్ను గోడకు తగిలించుకునే గిరాకీలు ఆయనకు లేరు. అరబా సింహాన్ని కిందా మీదా చూసింది.

"ఇంత వికారంగా ఉంటానా నేను?" అని సీసా లాక్కుని మళ్లీ చంకలో పెట్టుకుంది.

ఇప్పుడు ఎకో ఆమె పొయ్యి దగ్గరే ఉంటాడు. ఆవిరికి ఎడమ కన్ను మూసి, మూతి బిగించి, కెంకే తిరగేస్తాడు. అడిగి చూడండి, ఒప్పుకోడు.

"అంతా అబద్ధం. అక్రా నుంచి ఎవరూ రాలేదు. నేనెవరికీ సీసా పంపలేదు. అది ఉత్త సింహమే. కుక్కంటారా, ఆపామ్‌లో ఈత వచ్చిన కుక్కే లేదు."